బుధవారం టీకా సెషన్‌కి మా మార్కులు: సిక్కోలు, విజయనగరం పల్లెల్లో మందు బాగుంది, మాటే చాలదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బిడ్డ పుట్టిన ప్రతి ఇల్లూ ఏడాది తిరిగేలోపు మళ్లీ మళ్లీ వాడుకునే సర్కారు సేవ ఒకటుంది. పుట్టగానే ఆసుపత్రిలో మొదలై ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల అంటూ సాగుతుంది. బుధవారమో శనివారమో ఊరి అంగన్‌వాడీలోనో విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనో పీహెచ్‌సీలోనో జరిగే టీకా సెషన్ అది. పైసా తీసుకోరు. ఉచితం కాబట్టి ఎలా ఉన్నా సరిపెట్టుకోవాలని లేదు. ఏం అడగాలో, ఏం చూడాలో తెలిసినవాళ్లకి ఇది చాలా మంచి సేవ. తెలియనివాళ్లకి భయం మిగిల్చే సేవ కూడా ఇదే.

మార్కులు ముందే చెప్పేస్తున్నాం. మందుకీ సూదికీ ఐదుకి నాలుగున్నర. తల్లికి చెప్పే మాటకి రెండున్నర. సూది తర్వాత ఏదైనా తేడా వస్తే ఇంటివాళ్లకి దొరికే జవాబుకి ఒకటిన్నర. టీకాలు మంచివా కావా, ట్రయల్స్‌ని (టీకాని జనంలోకి వదిలేముందు మనుషుల మీద చేసే పరీక్షల్ని) నమ్మొచ్చా అని ఊళ్లలో, ఫోన్లలో నడుస్తున్న వాదనంతా ఈ మూడో మార్కు దగ్గరే పుడుతోందని మా నమ్మకం. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాం.

ముందు పెట్టె సంగతి. పీహెచ్‌సీలో ఐఎల్‌ఆర్ అనే ప్రత్యేకమైన ఫ్రిజ్ ఉంటుంది. టీకాలు అందులో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. సెషన్ రోజు పొద్దున్నే నాలుగు ఐస్‌ప్యాకులు పెట్టి వ్యాక్సిన్ క్యారియర్ సర్దుతారు. బండి మీదో ఆటోలోనో ఒక మనిషి దాన్ని ఊరికి చేరుస్తాడు. పని అయ్యాక విప్పిన సీసాలు, విప్పనివి అన్నీ అదే రోజు వెనక్కి వెళ్లిపోవాలి. ఏ సీసా ఊళ్లో రాత్రి ఉండకూడదు, ఎవరింటి ఫ్రిజ్‌లోనూ పెట్టకూడదు.

ఇక్కడ ఎక్కువమంది ఎండకి భయపడతారు గానీ, సగం టీకాలకి అసలు శత్రువు మంచు. పెంటా (ఐదు జబ్బులకి కలిపి ఒకే సూది), డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం), టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి), హెపటైటిస్ బి (కామెర్లు), పీసీవీ (న్యుమోనియా) టీకాలు గడ్డకడితే పనికిరావు. వాటిలోని అల్యూమినియం లవణం రేణువులు ముద్దకడతాయి, మందు బలం పోతుంది, సూది గుచ్చిన చోట గడ్డలు కూడా ఎక్కువవుతాయి. డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్‌ప్యాకును అలాగే క్యారియర్లో పెట్టేస్తే దానికి ఆనుకున్న సీసా గడ్డకట్టేస్తుంది. అందుకే ప్యాకును బయట ఉంచి, పైన చెమటలా తడి పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే సర్దాలి. పొద్దున్న హడావిడిలో జరిగే పొరపాట్లలో ఇది ముఖ్యమైనది, బయటికి కనపడనిది కూడా. క్యారియర్ తెరిచినప్పుడు ప్యాకుల పైన తెల్లటి మంచు పొడి పట్టి ఉంటే అడగాల్సిందే.

వేడి తగిలిందో లేదో చూడడం తేలిక. సీసా లేబుల్ మీదో మూత మీదో ఒక చిన్న వృత్తం, దాని లోపల చదరం ఉంటాయి. లోపలి చదరం వృత్తం కంటే లేత రంగులో ఉంటే వాడొచ్చు. రంగు సమానమైనా, ఇంకా ముదిరినా పారెయ్యాలి. చదువు రాని ముసలమ్మ కూడా చూసి చెప్పగలిగే గుర్తు ఇది. "నర్సమ్మా, సీసా ఓపాలి సూపించు" అంటే చాలు, ఐదు సెకన్ల పని. మంచి ఏఎన్ఎం అయితే అడగకముందే చూపిస్తుంది. ఈ గుర్తు వేడిని మాత్రమే చెబుతుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు. ఆ అనుమానం వస్తే షేక్ టెస్ట్ ఉంది: అదే బ్యాచ్ సీసా ఒకదాన్ని కావాలని గడ్డకట్టించి, కరిగించి, అనుమానం ఉన్న సీసాతో కలిపి రెండూ ఊపి పక్కన పెడతారు. అడుగున మడ్డి రెండిట్లోనూ ఒకే వేగంతో దిగితే అనుమానం నిజమే. అది సెషన్‌లో చేసేది కాదు, పీహెచ్‌సీలో చేసేది.

మన తీరానికి తుపాను సమస్య వేరే ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. ఐఎల్‌ఆర్ మూత తెరవకుండా ఉంచితే కరెంటు పోయినా చల్లదనం కొన్ని గంటలు నిలుస్తుంది గానీ రోజులు నిలవదు. అలాంటి సమయంలో జనరేటర్ ఉన్న చోటికి టీకాలు మార్చాలి. ఫ్రిజ్ మీద తగిలించిన ఉష్ణోగ్రత పుస్తకంలో రోజుకి రెండుసార్లు రాయాలి, ఆదివారమైనా పండగైనా. తుపాను తర్వాత మొదటి సెషన్‌కి వెళ్లేవాళ్లు ఆ పుస్తకం చూపించమనడం తప్పు కాదు.

పొడి రూపంలో వచ్చే బీసీజీ (క్షయ), ఎంఆర్ (తట్టు అనే మీజిల్స్, రుబెల్లా) టీకాల విషయంలో ఇంకా పట్టుదలగా ఉండాలి. వీటిని సెషన్‌లోనే ప్రత్యేకమైన నీళ్లతో కలుపుతారు. ఆ నీళ్లు అదే కంపెనీవి కావాలి, ముందే చల్లబరిచినవి కావాలి. కలిపిన సమయం సీసా మీద రాయాలి. నాలుగు గంటలు దాటితే సగం మందు మిగిలినా పారెయ్యాల్సిందే. కారణం: వీటిలో క్రిమి పెరగకుండా ఆపే ప్రిజర్వేటివ్ ఉండదు. ఈ నియమం పాటించకపోతే ఏమవుతుందో 2017లో దక్షిణ సూడాన్‌లో ప్రపంచం చూసింది. మీజిల్స్ టీకా కలపడానికి ఒకే సిరంజీని నాలుగు రోజులు వాడారు, మందును చల్లగా ఉంచలేదు. పదిహేనుమంది పిల్లలు చనిపోయారు. టీకాలో లోపం లేదు, వాడిన చేతుల్లో ఉంది. పెంటా, టీడీ, ఓపీవీ (పోలియో చుక్కలు), హెపటైటిస్ బి, పీసీవీ లాంటివి మాత్రం విప్పాక కూడా సరిగ్గా చల్లగా ఉంచితే 28 రోజుల వరకు వాడొచ్చు, విప్పిన తేదీ సీసా మీద ఉండాలి. కాబట్టి పోయిన వారం విప్పిన పెంటా సీసా చూసి గొడవ పడొద్దు. పొద్దున్న కలిపిన ఎంఆర్ సీసాతో మధ్యాహ్నం రెండు దాటాక సూది వేస్తుంటే మాత్రం కలిపిన సమయం అడిగి తీరాలి.

"ఇంకా పిల్లలు రానీ, అప్పుడు సీసా ఇప్పుతాం" అని తల్లుల్ని కూచోబెట్టడం మన సెషన్లలో మామూలైపోయింది. పది డోసుల సీసా ఒక్క బిడ్డ కోసం విప్పితే వృథా అని ఏఎన్ఎం ఆలోచన. నియమం ప్రకారం ఒక్క బిడ్డ వచ్చినా విప్పాలి. కూలి మానుకుని వచ్చిన తల్లిని వచ్చే వారం రమ్మంటే ఆమె వచ్చే నెల కూడా రాకపోవచ్చు. ఇందుకే అర మార్కు కోశాం.

సూదులు ఎక్కడెక్కడ వేస్తారో ముందే తెలిస్తే ఆరో వారం సెషన్‌లో అంత కంగారు ఉండదు. ఆ రోజు మూడు సూదులు: పెంటా ఎడమ తొడకి, పీసీవీ కుడి తొడకి, పోలియో సూది కుడి భుజం మీద చర్మం పొరలో 0.1 మి.లీ. వీటితోపాటు నోట్లో పోలియో చుక్కలు రెండు, విరేచనాలని ఆపే రోటా చుక్కలు. పదో వారంలో ఒక్క పెంటా సూదే. పద్నాలుగో వారంలో మళ్లీ మూడు. మూడు సూదులు ఒకేసారి వద్దు, ఒకటి తర్వాత వేయించుకుంటామని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడతారు. అలా వదిలేసిన ఒకటి చాలా ఇళ్లలో ఎప్పటికీ పడదు. ఒకేసారి వేసినందువల్ల ఒకదాని పని మరొకటి చెడగొట్టదు. ప్రతి సూదికీ ఒకసారి వాడితే లాక్ అయిపోయే సిరంజీ కొత్తది తీయాలి, వాడాక కొనను హబ్‌కట్టర్‌తో కత్తిరించాలి. సిరంజీల విషయంలో ఈ రెండు జిల్లాల సెషన్లకి వంక పెట్టలేం.

ఇక మాట. సూది వేశాక ఏఎన్ఎం నాలుగు సంగతులు చెప్పాలన్నది శిక్షణలో మొదటి పాఠం: ఒకటి, ఏ టీకా వేశాం, అది ఏ జబ్బుని ఆపుతుంది; రెండు, ఏ ఇబ్బందులు రావచ్చు, వస్తే ఏం చేయాలి; మూడు, మళ్లీ ఎప్పుడు రావాలి; నాలుగు, కార్డు జాగ్రత్తగా దాచి తెమ్మనడం. తర్వాత అరగంట అక్కడే కూచోబెట్టాలి. నాలుగోదీ మూడోదీ అందరూ చెబుతారు. మొదటిది సగంమంది చెబుతారు. రెండోది, అంటే అన్నిటికంటే అవసరమైనది, "జొరమొస్తాది, గోళీ ఏయండి" అన్న ఒక్క ముక్కతో తేలిపోతుంది. ఒక్క ఏఎన్ఎం, ఎదురుగా ఏడ్చే పిల్లలు, చేతిలో ఫోను, ముందర రిజిస్టరు. ఆమెకి తీరిక లేదు, అది నిజమే. అయినా ఆ రెండో మాట చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆశమ్మ పక్కనే ఉంటుంది, ఆమె చెప్పొచ్చు. చెప్పాల్సింది ఇంతే:

పెంటా జ్వరం ఆ సాయంత్రమో రాత్రో మొదలై రెండు రోజుల్లో తగ్గుతుంది. తొడ వాచి ఎర్రబడుతుంది. తడిగుడ్డ వేయాలి, రుద్దకూడదు, పసరు పూయకూడదు. ఎంఆర్ జ్వరం ఆ రోజు రాదు, వారం నుంచి పన్నెండు రోజుల మధ్య వస్తుంది, ఒంటి మీద సన్నటి దద్దురు కూడా రావచ్చు. ఈ సంగతి చెప్పకపోతే ఆ జ్వరానికి ఇంకేదో కారణం వెతుకుతారు. బీసీజీ వేసిన చోట రెండు నుంచి నాలుగు వారాల్లో బుడిపె లేచి, చీము పట్టి, పుండై, మచ్చగా మిగులుతుంది. దానికి ఆయింట్‌మెంట్ అక్కర్లేదు. మచ్చ పడకపోయినా మళ్లీ వేయించక్కర్లేదు.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. మోతాదు బిడ్డ బరువుని బట్టి, కిలోకి 15 మి.గ్రా. చొప్పున. తప్పు జరిగేది చుక్కల మందుకీ సిరప్‌కీ తేడా తెలియక. పసిపిల్లల చుక్కల మందులో ఒక మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది, మామూలు సిరప్‌లో ఐదు మి.లీ.కి 125 మి.గ్రా. అంటే చుక్కల మందు నాలుగింతలు గాఢం. ఐదు కిలోల బిడ్డకి 75 మి.గ్రా. కావాలంటే చుక్కల మందులో ముప్పావు మి.లీ., ఆ సిరప్‌లో మూడు మి.లీ. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే నాలుగు రెట్ల డోసు పడుతుంది. సీసా మీది అంకె చదివి, మోతాదు కార్డు మీద రాయించుకోండి. సెషన్‌లో విడి మాత్రలు చేతిలో పెడితే పేరు చూడకుండా తీసుకోవద్దు. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో టీకాల తర్వాత పారాసిటమాల్ బదులు ట్రమడాల్ మాత్రలు ఇచ్చారు, పసిబిడ్డలు చనిపోయారు. ఆ చావులు టీకా ఖాతాలో పడ్డాయని ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. టీకాతో సంబంధం లేదు, మాత్రల పట్టీతో ఉంది.

మూడు గంటలకి పైగా ఆగకుండా ఏడుపు, ఫిట్స్, ఒళ్లు తేలేయడం, ముఖం వాపు, ఆయాసం కనిపిస్తే 108కి ఫోన్ చేయడమే. రోటా చుక్కల తర్వాత వారం రోజులు ఇంకొకటి గమనించాలి: బిడ్డ ఉన్నట్టుండి కాళ్లు ముడుచుకుని తెరలు తెరలుగా ఏడవడం, వాంతులు, మలంలో రక్తం, జిగురు. పేగులో పేగు దూరిపోయినప్పుడు (పేగు మడత) ఇలా ఉంటుంది. టీకా వేయని పిల్లల్లోనూ వచ్చే జబ్బే, కానీ ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఆ అరగంట నిరీక్షణ దేనికంటే, ప్రాణాపాయమైన ఎలర్జీ వస్తే చాలావరకు ఆలోపే బయటపడుతుంది. ఏఎన్ఎం దగ్గర అడ్రినలిన్ ఆంపూల్, చిన్న సిరంజీలతో కిట్ ఉండాలి. తొడ కండలో ఒక డోసు వేసే అధికారం, శిక్షణ ఆమెకి ఉన్నాయి. కిట్ ఉన్నచోట ఆంపూల్ గడువు తేదీ చూడండి. ఏళ్ల తరబడి ఎవరూ తెరవని పెట్టెలో గడువు దాటిపోవడం తేలిక.

బడుల్లో పదేళ్లకీ పదహారేళ్లకీ వేసే టీడీ గురించి ఒక మాట. ఒక అమ్మాయి కళ్లు తిరిగి పడిపోతే వరసగా పదిమంది పడిపోతారు. ఇది సూదిభయం తెచ్చే ఇబ్బంది. ఒంట్లో నిజంగానే కలిగేది, నటన కాదు. పిల్లలు తిని రావాలి, సూది వేసే గది క్యూలో ఉన్నవాళ్లకి కనపడకూడదు, కూచోబెట్టి వేయాలి, తర్వాత అదే క్యూ ముందు నుంచి నడిపించకూడదు. ఈ నాలుగు చేసిన బడిలో అంబులెన్స్ అక్కర్లేదు.

ఇప్పుడు మూడో మార్కు. టీకా తర్వాత బిడ్డ ఆసుపత్రిలో చేరినా, చనిపోయినా, ఒకేచోట చాలామందికి ఇబ్బంది కలిగినా దాన్ని ఏఈఎఫ్ఐ అంటారు. టీకా వల్లే వచ్చిందని ఆ పేరుకి అర్థం కాదు, టీకా తర్వాత వచ్చిందని మాత్రమే. పీహెచ్‌సీ డాక్టరు 24 గంటల్లో జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి నివేదించాలి. జిల్లా కమిటీ విచారిస్తుంది. అవసరమైతే అదే బ్యాచ్ సీసాలు, కలిపే నీళ్లు చల్లగా కసౌలీలోని కేంద్ర ఔషధ ప్రయోగశాలకి వెళతాయి. ఆ తర్వాత నిపుణుల కమిటీ కారణం తేలుస్తుంది: టీకా గుణం వల్లా, తయారీ లోపం వల్లా, వేయడంలో పొరపాటు వల్లా, భయం వల్లా, యాదృచ్ఛికమా, తేల్చలేమా, సమాచారం చాలదా. వ్యవస్థ కాగితం మీద చక్కగా ఉంది. లోపం రెండు చోట్ల. ఒకటి, చిన్న ఇబ్బందులు రిజిస్టర్‌కి ఎక్కవు; నివేదిస్తే తన మీదికి వస్తుందని ఏఎన్ఎం భయం. రెండు, కమిటీ తేల్చిన సంగతి బిడ్డ ఇంటికి తిరిగి రాదు. పోస్ట్‌మార్టం ఎందుకు కావాలో ఆ దుఃఖంలో ఎవరూ నెమ్మదిగా చెప్పరు, ఇంటివాళ్లు వద్దంటారు, ఫైలు "సమాచారం చాలదు" దగ్గర ఆగిపోతుంది. ఊరికి మాత్రం సూది వేశారు, బిడ్డ పోయాడు అన్న రెండు ముక్కలే మిగులుతాయి.

ఇది ట్రయల్స్‌తో ఎలా ముడిపడిందో చూడండి. రోటావ్యాక్ టీకా మూడో దశ పరీక్ష ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసిపిల్లల మీద జరిగింది. టీకా అందినవాళ్లు 4,532 మంది. మొదటి ఏడాది తీవ్రమైన రోటా విరేచనాలను దాదాపు 56 శాతం తగ్గించింది. లెక్కల్లో ఒక మొరటు సూత్రం ఉంది: ఇంతమందిలో ఒక ఇబ్బంది ఒక్కసారి కూడా కనపడకపోతే, దాని అసలు రేటు ఆ సంఖ్యలో మూడో వంతుకి ఒకటి కంటే ఎక్కువ ఉండదని 95 శాతం ధీమాగా చెప్పొచ్చు. 4,532కి ఆ లెక్క సుమారు 1,500కి ఒకటి. లక్షకి ఒకరికో ఇద్దరికో వచ్చేదాన్ని ఆ ట్రయల్ పట్టుకోలేదు. కోవాగ్జిన్ మూడో దశలో 25,800 మంది ఉన్నారు, సగంమందికి టీకా; అదీ సుమారు 4,300కి ఒకటి దగ్గర ఆగిపోతుంది. ఇది మోసం కాదు, ట్రయల్ పరిమాణానికి ఉండే హద్దు. మిగిలిన పని టీకా జనంలోకి వచ్చాకే జరగాలి, మన బుధవారం సెషన్ రిజిస్టర్లోనే జరగాలి.

జరిగితే ఎలా ఉంటుందో ఉదాహరణలున్నాయి. అమెరికాలో 1998లో అనుమతి పొందిన మొదటి రోటా టీకా రోటాషీల్డ్ తర్వాత పేగు మడత కేసులు పదిహేను నివేదిక కాగానే 1999 జులైలో ఆపేశారు, ఆ ఏడే వెనక్కి తీసుకున్నారు. డాక్టర్లు, తల్లిదండ్రులు రాసి పంపిన కాగితాలే ఆ టీకాని ఆపాయి. మన దేశంలో రోటా చుక్కలు 2016లో మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రోటావ్యాక్ ట్రయల్ జరిగిన మూడు ఊళ్ల పేగు మడత లెక్కలు విడివిడిగా బయటపెట్టమని కొందరు కోర్టుల దాకా వెళ్లారు. అడగడం న్యాయమే. తర్వాత 27 ఆసుపత్రుల్లో 2016 నుంచి 2019 దాకా కేసులు పోగుచేసి చూసిన అధ్యయనంలో ఈ చుక్కల వల్ల ఆ ముప్పు పెరిగినట్టు కనపడలేదు. నమ్మకం కలిగించింది ఆ లెక్క.

కోవిషీల్డ్ దగ్గర మనం ఆ పని సగమే చేశాం. రక్తం గడ్డకట్టి ప్లేట్‌లెట్లు పడిపోయే అరుదైన సమస్య సంగతి 2021 వసంతంలోనే యూరప్‌లో తేలింది. అదే ఏడాది మే నెలలో మన జాతీయ కమిటీ 26 అనుమానిత కేసులు చూసి పది లక్షల డోసులకి 0.61 అని చెప్పింది. బ్రిటన్‌లో అప్పటి లెక్క నాలుగు. మనవాళ్లకి ముప్పు నిజంగా తక్కువ కావచ్చు. నివేదికలు తక్కువ రావడమూ కారణం కావచ్చు. రిజిస్టర్లు బలంగా ఉంటే ఈ రెండో అనుమానానికి చోటే ఉండేది కాదు. 2024లో ఈ టీకాని రూపొందించిన ఆస్ట్రాజెనెకా కంపెనీ లండన్ కోర్టుకిచ్చిన కాగితం వార్తల్లోకి రాగానే మూడేళ్ల కిందటి సంగతి కొత్త రహస్యంలా ఊళ్లని చుట్టేసింది. ముందే తెలుగులో చెప్పి ఉంటే అలా అయ్యేది కాదు. కోవాగ్జిన్‌కి 2021 జనవరి 3న మూడో దశ ఫలితాలు రాకముందే అనుమతిచ్చారు. తర్వాత 77.8 శాతం సామర్థ్యం అచ్చయింది. ఫలితం మంచిదే, వరస తప్పు. ఆ వరస తప్పిన ఆరు నెలల్లో పుట్టిన అనుమానం ఇప్పటికీ పసిపిల్లల సెషన్ల దగ్గర వినిపిస్తోంది.

అనుమతి పత్రం (ఒప్పుకుంటున్నామని సంతకం పెట్టే కాగితం) విషయంలో ఉమ్మడి రాష్ట్రానికి చేదు చరిత్ర ఉంది. ఖమ్మం జిల్లాలో 2009లో హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపే) టీకా ప్రాజెక్టు జరిగింది, గుజరాత్‌లోని వడోదరలో మరొకటి. రెండుచోట్ల కలిపి ఏడుగురు బాలికలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణలో ఆ మరణాలకి టీకా కారణమని తేలలేదు. పాముకాటు, నీట మునగడం, పురుగుమందు లాంటి కారణాలున్నాయి. కానీ హాస్టల్ పిల్లలకి తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా నిర్దోషి అయినా సంతకం దోషమే. మన వైపు సీతంపేట, పార్వతీపురం ఆశ్రమ పాఠశాలలు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఈ పాఠం మనకి దూరం కాదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు కారణం వెతుకుతూ ఎన్ని బృందాలు రక్తం, నీళ్లు, మట్టి తీసుకెళ్లాయో ఆ ఊళ్లవాళ్లకి తెలుసు. నమూనా తీసుకున్నవాళ్లు ఫలితం తెచ్చి చెప్పాలన్నది అక్కడ ప్రతి ఇంటి డిమాండు.

ఎవరైనా ట్రయల్‌లో చేరమంటే నాలుగు పనులు చేయండి. సీటీఆర్ఐ (దేశంలో జరిగే ట్రయల్స్ నమోదయ్యే సర్కారు పట్టిక) నంబరు అడగండి. అందులో సంవత్సరం, నెల ఉంటాయి, వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి. అనుమతి పత్రం తెలుగులో ఇవ్వమనండి, ఇంటికి తీసుకెళ్లి చదివాకే సంతకం, ఒక కాపీ మీ దగ్గర ఉండాలి. అందులో ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరినవాళ్లకి అన్యాయం జరగకుండా చూసే కమిటీ) ఫోను నంబరు ఉందో లేదో చూడండి. ఎప్పుడైనా మానేయొచ్చని, మానేసినా మామూలు వైద్యం ఆగదని రాసి ఉండాలి. 2019 నియమాల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం హక్కు. డబ్బులిస్తామని తొందరపెట్టేవాళ్ల దగ్గర సంతకం పెట్టొద్దు.

మామూలు టీకా విషయంలోనూ మీరే నివేదించొచ్చు. 1800-180-3024 మందుల దుష్ప్రభావాలు చెప్పే ఉచిత నంబరు. 2022 మే 2న సుప్రీంకోర్టు ఎవరినీ బలవంతంగా టీకా వేయించలేరని చెబుతూనే, ఇబ్బందుల్ని జనం నేరుగా నివేదించే వీలు, ఆ సమాచారం అందరికీ కనపడే వీలు కల్పించమంది. మా జిల్లాల పీహెచ్‌సీ గోడ మీద ఈ నెల ఎన్ని డోసులు వేశాం, ఎన్ని ఇబ్బందులు నమోదయ్యాయి, పోయినవాటిలో ఏం తేలింది అని మూడు వరసల పలక ఒకటి పెడితే మా ఒకటిన్నర మార్కు మూడున్నర అవుతుంది. ఖర్చు సుద్దముక్క.

ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లే వాళ్ల కోసం రెండు ముక్కలు. అక్కడ దొరికే నొప్పి తక్కువ టీకాలో కోరింత దగ్గు భాగం వేరే రకం. జ్వరం తగ్గుతుంది, రక్షణ మాత్రం కొంచెం త్వరగా తరుగుతుంది. వేలు పెట్టి కొన్నది కాబట్టి మెరుగైనదని కాదు. మామూలు ఇంటి ఫ్రిజ్ తలుపులో టీకాలు పెట్టిన క్లినిక్‌లో వేయించకండి. ఉష్ణోగ్రత పుస్తకం అడగండి. గవదబిళ్లలు, టైఫాయిడ్, ఆటలమ్మ లాంటివి సెషన్‌లో దొరకవు కాబట్టి వాటికోసం వెళ్లడం వేరు.

వలస వెళ్లే ఇళ్లకి ఈ సేవ ఇంకా కుంటుతూనే ఉంది. గుజరాత్‌లోని వేరావల్ చేపల బోట్ల మీదికి, చెన్నై కట్టడాల పనులకి వెళ్లేవాళ్లు కార్డు ఊళ్లో వదిలేస్తారు. యూ-విన్ అనే సర్కారు టీకాల వెబ్‌సైట్‌లో ఫోను నంబరుతో నమోదై ఉంటే ఏ రాష్ట్రంలోనైనా చూసి వేస్తారు. కార్డు మొదటి పేజీ, టీకాల పేజీ ఫోటో తీసి పెట్టుకోవడం ఇంకా ఖాయం. ఇచ్ఛాపురం వైపు బరంపురంలో కాన్పైన తల్లులకి ఒడియా కార్డు ఉంటుంది, ఇక్కడా చెల్లుతుంది, కొత్తది రాసి మొదటి నుంచి మొదలుపెట్టనివ్వకండి. మధ్యలో తప్పిపోతే ఆగినచోటి నుంచే కొనసాగిస్తారు. బీసీజీ, రోటా మొదటి డోసు, పెంటా మొదటి డోసు మాత్రం ఏడాది నిండేలోపే మొదలుకావాలి. ఎంఆర్ ఐదేళ్ల వరకు వేస్తారు.